ఈడ గాలి మంచిగున్నది

సబ్బు నురగ వాసన తగిలితే నాకు స్నానం గుర్తుకు రాదు, ఆడవాళ్ల చేతులు గుర్తుకొస్తాయి. పొద్దున దుకాణం తెరిచి, ఊడ్చి, వాకిట్లో నీళ్లు చల్లి, దేవుడి పటానికి అగరొత్తి చూపించాక నేను చేసే మొదటి పని చిన్న స్టీలు గిన్నెలో సబ్బు ముక్క వేసి నీళ్లు కలపడం. గట్టి చేతికి గాజు ఎక్కాలంటే నురగ కావాలి. కరీంనగర్‌లో మా బజారు నిండా గాజుల దుకాణాలే. కానీ అద్దాల అరల్లో పేర్చి, ధర చీటీ అంటించి, ‘మీరే తొడుక్కోండమ్మా’ అనేవే ఎక్కువ. చెయ్యి పట్టుకుని తొడిగేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఇది నా వ్యాపార రహస్యమని అందరికీ చెప్పుకుంటాను. చెయ్యి నా చేతిలో ఉండగా మనిషి లేచి పక్క దుకాణానికి పోలేదు కదా! అసలు సంగతి వేరే ఉంది. రోజు మొత్తంలో ఇంకో మనిషిని ముట్టుకునే అవకాశం నాకు అదొక్కటే.

పోయిన పెళ్లిళ్ల కాలంలో ఒక అమ్మాయి వచ్చి పీట మీద కూర్చుని ఎడమ చెయ్యి చాపింది. మొహం చూడకుండా చెయ్యి చూడటం నాకు అలవాటు. నురగ రాస్తూ చిటికెన వేలి దగ్గర ఆగిపోయాను. ఆ వేలి కొస లోపలికి వంగి, పక్క వేలు చెప్పే చాడీ వింటున్నట్టుగా ఉంది. ఆ వేలిని పట్టుకున్న నా చేతికీ అలాంటి వేలే ఉంది. అదే వంపు, అదే కణుపు దగ్గర.

“ఏ ఊరమ్మా?” అని అడిగాను.

“కాగజ్‌నగర్.”

నా చేతిలో గాజు చిట్లింది. ఇన్నేళ్లలో అలా ఎన్నడూ జరగలేదు. రాజవ్వ ఉండి ఉంటే, “ఏందే, గాజు తొడుగుతున్నవా, జొన్నకంకి ఇరుస్తున్నవా?” అని ఉండేది.

రాజవ్వను మీరు చూసి ఉండరు. హుస్నాబాద్ బజారులో ఒక కిరాణా కొట్టుకూ ఒక బట్టల దుకాణానికీ మధ్య, ఇద్దరు కూర్చుంటే నిండిపోయే గది ఆమెది. పొట్టి మనిషి. నుదుట బొట్టు లేదు. భుజాన గాజుల మలారం, అంటే గుత్తులు గుత్తులుగా తాడుకు గుచ్చిన గాజుల దండ, వేసుకుని నడుస్తుంటే ఆమె వస్తున్నట్టు వీధి చివరిదాకా తెలిసేది. ఆమె మణికట్టుకు మాత్రం ఒక్క గాజూ లేదు. పెళ్లయిన కొద్ది రోజులకే భర్త పోయాడు. ఊరందరి చేతులూ నింపే మనిషి చేతులు బోసిగా ఉండటం చిన్నప్పుడు నాకు వింతగా తోచలేదు. మిఠాయి కొట్టాయన మిఠాయి తినడు, ఇదీ అంతే అనుకునేదాన్ని. మా లోకమంతా దుకాణాలే కదా. ఆడుకునే ఆటలు కూడా తూకాలూ బేరాలే. చింతగింజలు అమ్మి చింతగింజలు కొనేవాళ్లం, అందులోనూ లాభం చూసేదాన్ని.

నేను ఆమె కడుపున పుట్టలేదు. పండుగల ముందు ఆమె రైలెక్కి కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు కాలనీలకు గాజులమ్మడానికి పోయేది. అక్కడ చెయ్యి చాచీ చాచీ మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి శాంతవ్వ, ఆమెను ‘అక్కా’ అనడం మొదలుపెట్టింది. వరస కలుపుకున్నదే తప్ప రక్తసంబంధం ఏమీ లేదు. మా బాపు జ్వరంతో పోయాక మా అవ్వకు మళ్లీ సంబంధం చూశారు. వచ్చినవాళ్లు ఒక్క పిల్లకే ఒప్పుకున్నారట. మా అక్క లక్ష్మి పనికి అక్కరకొచ్చే వయసుది, నేను ఇంకా చంక దిగనిదాన్ని. లక్ష్మి అటు పోయింది. నేను మలారంతో పాటు హుస్నాబాద్ వచ్చాను. ఆ తర్వాత రాజవ్వ కాగజ్‌నగర్ పోవడం మానేసింది. ఎందుకని అడిగితే, “రైలు పడుతలేదు” అనేది.

ఈ కథను ఆమె నా దగ్గర దాచలేదు. “గాజులు తొడిగినంక ఒక గాజు కొసరిస్తం గదా, గట్ల నిన్ను నా చేతుల పెట్టింది బిడ్డా” అని చెప్పేది. అది విని నేను బాధపడలేదు సరికదా, గర్వపడ్డాను. మా దుకాణంలో కొసరు గాజు లేకుండా ఏ ఆడమనిషీ గడప దిగేది కాదు. డబ్బులిచ్చి కొన్నదానికంటే దాన్నే భద్రంగా కొంగున కట్టుకునేవాళ్లు.

వంకర వేలిని రాజవ్వ మొదట ఊరికే వదల్లేదు. చీపురు పుల్ల విరిచి వేలికి ఆనించి, గుడ్డ పేలికతో కట్టు కట్టింది. గాజులమ్మే పిల్ల వేలు సక్కగా ఉండాలని ఆమె పంతం. నేను విప్పడం, ఆమె కట్టడం. కట్టు తీసిన ప్రతిసారీ వేలు మళ్లీ తన వంపులోకి పోయేది. చివరికి ఆమె పుల్ల విసిరికొట్టి, వేలిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కాసేపు చూసింది. “గిది మీ అవ్వది. నా తోని గాదు” అంది. ఆ వెంటనే, “మిగిలినదంత నేను సూసుకుంట” అంది. ఎవరితో అందో తెలియదు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను, ఆమె నాకేసి చూడటం లేదు.

కిరాణా కొట్టు సావుకారి భార్య లింగవ్వకు నన్ను చూస్తే ఏదో ఒకటి అనాలనిపించేది. ఒకరోజు గాజులు వేయించుకుంటూ, “పిల్లను ఇడిసిపోయిన తల్లి కడుపున పుట్టింది. ఆ గుణం యాడికి పోతది రాజవ్వా? రేపు నిన్నూ ఇడిసిపోతది సూడు” అంది.

రాజవ్వ తల ఎత్తలేదు. “నీ మొగడు దేవుడసొంటి మనిషి లింగవ్వా. మరి నీ కొడుకు గట్లనే పుట్టిండా?”

“వాని సంగతి ఎందుకు తియ్య?”

“గుణం యాడికి పోతదో అడిగితివి గదా. వాని దగ్గరికైతే పోలే. మరి తొవ్వల యాడ పడ్డదో!”

ఆ తర్వాత లింగవ్వ ఎప్పుడొచ్చినా రాజవ్వ నురగ తక్కువ రాసేది. లింగవ్వ అరిచేది. నేను నవ్వు ఆపుకోలేక వెనక అరల్లో దూరేదాన్ని. నవ్వాను కానీ, ఆ మాట నాలో దిగబడిపోయింది. ఎవరితోనైనా విసుగు పుట్టినా, నలుగురిలోంచి లేచిపోయి ఒక్కదాన్నే కూర్చోవాలనిపించినా, ‘ఇదిగో, వచ్చింది’ అనుకునేదాన్ని. వదిలిపెట్టి పోగలిగిన మనిషి రక్తం. అది ఎప్పుడు నోరు తెరుస్తుందా అని నన్ను నేనే కాపలా కాసుకునేదాన్ని.

రాజవ్వకు ఇలాంటి పెద్ద మాటలు పట్టేవి కావు. ఆమెకు తెలిసిందల్లా చేతులు. ఒకసారి అక్కాచెల్లెళ్లు ఇద్దరు వచ్చారు. పెద్దామెను వ్యవసాయం ఇంట్లో ఇచ్చారు, చిన్నామెను పవర్‌లూమ్ ఇంట్లో. రాజవ్వ ఇద్దరి చేతులూ నా ఒళ్లో పెట్టించి, “ఎముకలు సూడు, రెండూ ఒక్క తల్లివే. ఇగ తోలు సూడు. ఇది పత్తి ఏరిన చెయ్యి. ఇది దారాలు ముడేసిన చెయ్యి. పుట్టినప్పుడు అడిగితే ఏ చెయ్యి ఏందో ఎవలు జెప్తరు?” అంది. అన్నిసార్లూ ఆమె లెక్క కుదిరేది కాదు. ఒక కొత్తకోడలి చెయ్యి పట్టుకుని, ‘నువ్వు ఫలానా వాళ్ల మనవరాలివి’ అని గట్టిగా చెప్పింది. ఆ పిల్లది మహారాష్ట్ర, తెలుగు ఒక్క ముక్క రాదు. రాజవ్వ ఏమాత్రం తొణక్కుండా, “అయితే వాళ్లే అటుదిక్కు నుంచి వచ్చి ఉంటరు” అని తేల్చేసింది.

బేరం మాత్రం ఆమే నేర్పిందని నా నమ్మకం. ధర చెప్పాక నోరు మూసుకోవాలి. కొనేవాళ్లు లేస్తే పిలవకూడదు, చెప్పులు తొడుక్కునేదాకా ఆగాలి. చెప్పులు తొడుక్కున్నాక కూడా ధర తగ్గించకూడదు, ఇంకో రంగు చూపించాలి. ఇవన్నీ నాకు తొందరగా వంటబట్టాయి. వాటికి నా సొంత విద్య ఒకటి కలిపాను. కొనేమనిషి తన ధర చెప్పగానే చెంపకు చెయ్యి ఆనించుకుని, ఆమె మంచి హాస్యమాడినట్టు పకపకా నవ్వేదాన్ని. నవ్వి, ఒక్కో గాజూ వెనక్కి తీస్తూ, తీసిన ప్రతి గాజుకూ ‘అయ్యో, ఎంత మంచిగ కుదిరిండె’ అని జాలిపడేదాన్ని. సగం గాజులు దిగకముందే ఆమె ఒప్పుకునేది.

మొదటిసారి చూసినప్పుడు రాజవ్వ చేతిలో పని ఆపేసింది. “గిది నేను నేర్పలే గదనే. ఎవలు నేర్పిండ్రు?”

“నిన్ను చూసే నేర్చుకున్న పెద్దవ్వా.”

“నేను నవ్వంగ నువ్వెప్పుడన్న చూసినవా?”

నిజమే, బేరంలో ఆమె నవ్వేది కాదు. బేరంలోనే కాదు, బయట కూడా పెద్దగా నవ్వేది కాదు. ఆమె మాటను నేను మెచ్చుకోలుగా తీసుకుని పొంగిపోయాను. ఆమె మాత్రం ఆ పూటంతా నాకేసి అదోలా చూస్తూ ఉంది.

పెళ్లిళ్లకు మమ్మల్ని ఇళ్లకు పిలిచేవాళ్లు. మలారం ఆమెది, ఎంపిక ఆమెది, ధర ఆమెది. కానీ పెళ్లికూతురి చెయ్యి మాత్రం ఆమె పట్టుకోకూడదు. భర్తలేని మనిషి చేతిమీదుగా పచ్చగాజులు ఎక్కకూడదని ఎవరూ పైకి అనేవాళ్లు కాదు, అనాల్సిన అవసరం ఆమె రానిచ్చేది కాదు. వాకిట్లోకి రాగానే మలారం దించి, నన్ను లోపలికి తోసి, తాను అరుగు మీద కూర్చునేది. అందుకే నాకు ఊహ తెలిసేసరికే తొడగడం వచ్చు. లోపల పసుపు, పాటలు, నవ్వులు. ముత్తయిదువలు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని లడ్డూ పెట్టేవాళ్లు. మధ్యలో ఇంటావిడకు ఎక్కడో మనసు గుచ్చుకునేది, గడప దాకా వచ్చి పిలిచేది.

“లోపలికి రా రాజవ్వా, గాడ ఒక్కదానివే కూసున్నవేంది?”

“వద్దు పటేలమ్మా. ఈడ గాలి మంచిగున్నది.”

ఎండాకాలం వడగాడ్పుల్లోనూ అదే మాట. మాఘమాసం చలికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నప్పుడూ అదే మాట. ఒకసారి వాన జల్లు అరుగు మీదికి కొడుతుంటే మలారం మీద గోనెసంచి కప్పి, తాను తడుస్తూ, “ఈడ గాలి మంచిగున్నది” అంది. పని అయ్యాక నేను బయటికొచ్చి ఆమె పక్కన కూర్చునేదాన్ని. లడ్డూ సగం విరిచి ఇస్తే తినేది. లోపల ఏం జరిగిందని అడిగేది కాదు. ఇద్దరం వీధిలోకి చూస్తూ ఉండేవాళ్లం. ఆ కూర్చోవడం నాకు నచ్చేది. లోపలి సందడికంటే అదే నచ్చేదని ఇప్పుడు అనిపిస్తోంది.

నేను పదో తరగతి అయి, చదువు చాలించి, దుకాణంలో పూర్తిగా కుదురుకున్నాక ఒక మధ్యాహ్నం ఒకామె వచ్చింది. నడివయసు మనిషి. చేతి సంచి, ప్రయాణంలో నలిగిన చీర. గడపలో నిలబడిన ఆమెను చూసి రాజవ్వ లేచింది. నాతో, “పద్మా, నువ్వే తొడుగు” అని బయట మెట్టు మీదికి పోయి కూర్చుంది. “లోపల కూసోరాదా అక్కా” అని ఆమె పిలిస్తే, వీధిలోకి చూస్తూనే, “ఈడ గాలి మంచిగున్నది” అంది. పెళ్లి లేదు, పెళ్లికూతురు లేదు, మా సొంత దుకాణం. నాకు విచిత్రంగానే తోచింది కానీ, నా ముందు బేరం కూర్చుని ఉంది, దాని మీదికి పోయింది నా ధ్యాస.

ఆమె కుడిచెయ్యి మాత్రమే చాపింది. ఎడమది కొంగు చాటున ఉంచుకుని, దెబ్బ తాకిందనీ, ఆ చేతికి ఇంటికి పోయాక వేసుకుంటాననీ చెప్పింది. ఇక మొదలైంది. పచ్చవి వేస్తే ఎర్రవి కావాలంది. ఎర్రవి వేస్తే పచ్చవే నయమంది. చుక్కలవి, గీతలవి, బంగారు అంచువి. వేయడం, తీయడం, మళ్లీ నురగ రాయడం.

“ఇంత ధరనా! గాజులు అమ్ముతున్నవా, బంగారమా?” అంది.

నేను చెంపకు చెయ్యి ఆనించి నవ్వాను. ఆమె కూడా అచ్చం అలాగే నవ్వింది. వెక్కిరిస్తోందనుకుని నాకు పౌరుషం వచ్చింది.

“నీ చెయ్యికి ఎక్కినంక అది బంగారమే గదా అత్తా.”

“మాటలు మంచిగ నేర్పింది మీ పెద్దవ్వ. తియ్యి తియ్యి, నాకొద్దు.”

“తీస్త. నీకే బోసిగ అనిపిస్తది మరి.”

“అనిపిస్తది బిడ్డా” అంది. గాజులు నిమురుకుని, “అయినా జర తగ్గియ్యి” అంది.

అంత హాయైన బేరం నేను మళ్లీ చేయలేదు. నా ప్రతి ఎత్తుకూ ఆమె దగ్గర పైఎత్తు ఉంది. చెప్పులు తొడుక్కుంది, విప్పింది, మళ్లీ కూర్చుంది. చివరికి నా ధరకే ఒప్పుకుంది. అలవాటుగా కొసరు గాజు అందించాను. ఆమె దాన్ని నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు ముడిచి, “కొసరు నాకొద్దు. మీ పెద్దవ్వ దగ్గర్నే ఉండనియ్యి” అంది. కొసరు వద్దన్న ఆడమనిషిని అప్పుడే మొదటిసారి చూశాను. నేను గెలిచానన్న సంబరంలో ఉన్నాను. ఆమె మెట్టు దిగుతూ రాజవ్వ భుజం మీద చెయ్యి వేసింది.

ఆమె పోయాక రాజవ్వ లోపలికి వచ్చి, “ఆమె చెయ్యి చూసినవా?” అని అడిగింది.

“చూసిన. కష్టం చేసిన చెయ్యి. ఏం?”

“ఏం లేదు తియ్యి.”

ఎవరి చేతిని చూసినా వాళ్ల తాతముత్తాతల దాకా పోయే మనిషి, ఆ రోజు ఏం లేదు తియ్యి అంది. బజారులో ఆ బేరం కథను నేను ఏళ్ల తరబడి చెప్పుకున్నాను. బట్టల దుకాణం ఆయన చేత కూడా శభాష్ అనిపించుకున్నాను. రాజవ్వ వింటూ ఉండేది, ఒక్కసారీ నవ్వలేదు. ఆమె నవ్వదు కదా అని నేనూ పట్టించుకోలేదు.

నాకు సంబంధాలు వచ్చాయి. ప్రతిదాన్నీ బేరమాడి చెడగొట్టాను. అబ్బాయికి దుబాయి కొలువుంటే దూరమన్నాను, ఊళ్లో ఉంటే పని లేదన్నాను. ఇంత తెలివైన దుకాణందారును, అన్నీ అమ్మగలిగాను, నన్ను నేను మాత్రం ఏ ధరకూ ఇవ్వలేకపోయాను. ఒకరోజు రాజవ్వ సూటిగా అడిగింది. “ఫికర్ ఏందే నీకు? ఎవడు నచ్చుతలేడా?”

“నాకు పిల్ల పుడితే ఇడిసిపోతనేమో పెద్దవ్వా.”

ఆమె చాలాసేపు నా వంకర వేలిని పట్టుకుని కూర్చుంది. ఏదో చెప్పబోయింది. అంతలోనే వేలు వదిలేసి, “చీకటి పడకముందే అరలు సర్దు” అంది. ఆ తర్వాత ఇద్దరం కరీంనగర్ వచ్చి ఈ దుకాణం పెట్టాం. ఇక్కడే ఆమె పోయింది. అప్పటినుంచి పీటకు ఇవతల నేను, అవతల వచ్చీపోయే చేతులు.

ఇక ఆ అమ్మాయి సంగతికి వస్తాను. చిట్లిన గాజు ముక్కలు ఏరుతుంటే, “నేను గాజులకే రాలే” అంది. పేరు మౌనిక, లక్ష్మి కూతురు, డిగ్రీలో జీవశాస్త్రం చదువుకుంది, పెళ్లి కుదిరింది. “హుస్నాబాద్‌ల అడిగితే కరీంనగర్ పోయిండ్రన్నరు. నిన్ను వెతుకుమని అమ్మ పంపింది చిన్నమ్మా” అంది. చిన్నమ్మా అన్న పిలుపు ఎవరినో అనుకుని నేను వెనక్కి తిరిగి చూశాను.

“అవ్వ?” అన్నాను.

“అమ్మమ్మ పోయింది. మిల్లు మూతబడ్డ ఏళ్లల్లనే.”

రాని ఏడుపును దాచుకోవడానికి బేరంలోకి దిగాను. “మరి చిన్నమ్మనని ధర తగ్గిస్తననుకుంటున్నవా?” మౌనిక చెంపకు చెయ్యి ఆనించుకుని పకపకా నవ్వింది.

మౌనిక వెంట బయలుదేరాను. మంచిర్యాల దాకా బస్సు, అక్కడినుంచి రైలు. కాగజ్‌నగర్ స్టేషన్‌లో దిగగానే ఉడికిన కర్రగుజ్జు వాసన మొహానికి తగిలింది. లక్ష్మి కూరగాయల అంగట్లో ఉంది. మిల్లు మూసినప్పుడు మొగుడికి పని లేక ఈమె గంప పట్టింది, మిల్లు తెరిచినా గంప వదల్లేదు. దూరం నుంచే చూశాను. ఎవరో వంకాయల ధర అడిగారు. ఆమె చెంపకు చెయ్యి ఆనించుకుని నవ్వి, గంపలోంచి ఒక్కో వంకాయా తీసి చూపిస్తూ జాలిపడుతోంది. నేను రాజవ్వ దుకాణంలో కూర్చుని సొంతంగా కనిపెట్టాననుకున్న విద్య ఇక్కడ అంగడి మధ్యలో నన్ను అడగకుండా నడుస్తోంది.

ఆ సాయంత్రం లక్ష్మి చెబుతుంటే విన్నాను. “ఇదంత అవ్వదేనే. బేరంల ఆమెను గెల్చినోళ్లు లేరు. ఒక్కతంటె ఒక్కతే గెల్చింది. నీ దగ్గరికి వచ్చి పోయినంక నెలరోజులు అదే ముచ్చట. నా బిడ్డ నన్నే ఓడగొట్టిందే అని కాలనీ అంత తిరిగి చెప్పింది. నువ్వు చెయ్యి ఇడుస్తవేమోనని రంగులు మారుస్తనే ఉన్నదట. ఎడమ చెయ్యి చూస్తే గుర్తుపడుతవని కొంగుల పెట్టుకున్నదట.”

“చెప్పొచ్చు గదా అక్కా.”

“రాజవ్వతోని మాట. చూసుకో, పట్టుకో, చెప్పకు అన్నదట. చెప్తే నువ్వు అవ్వతోని వచ్చేస్తవని ఆమె భయం.”

ఇద్దరిలో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తేల్చుకోలేకపోయాను. రాజవ్వ తన బతుకులో చేసిన అన్నిటికంటే గట్టి బేరం అది. ఒక మధ్యాహ్నం నా చేతిని ఇచ్చి, నన్ను ఉంచేసుకుంది. బేరం కుదిరేదాకా తాను లోపల ఉండకూడదనుకుని మెట్టు మీద కూర్చుంది.

చాలాకాలంగా లోపల పెట్టుకున్నది అప్పుడు అడిగాను. “అవ్వకు ఒక్కదానివే కూసోవాలె అనిపిస్తుండెనా? అందర్ని ఇడిసి?”

లక్ష్మి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. “అవ్వనా? పక్కన నలుగురు లేకుంటె ఆమెకు బువ్వ దిగకపోయేది. నిన్ను ఇచ్చినంక ఒక్కతే పండాలంటె భయపడేది, నన్ను పట్టుకుని పండేది. ఎందుకు?”

రక్తంలో ఉందని నేను భయపడిన ఒంటరితనం మా అవ్వలో లేనే లేదు. రాజవ్వ నేర్పిందని గర్వపడిన బేరం రక్తంలోంచి వచ్చింది. ఇన్నేళ్లూ ఇద్దరి సరుకునూ ఒకరిది ఒకరి అరలో సర్దుకున్నాను. మౌనికను అడిగాను, నువ్వు చదివినదాంట్లో ఏముంది, మనిషి దేంతో తయారవుతాడు అని.

“జన్యువులూ ఉంటయి, పెరిగిన తీరూ ఉంటది చిన్నమ్మా. రెండు కలిసిపోతయి. ఇది ఇటుది, అది అటుది అని గీత గీసుడు అయ్యే పని కాదు.”

“బేరం ఏ దిక్కుకు పోతది మరి?”

“నవ్వు అమ్మమ్మది అనుకో. ఆ నవ్వుతోని గాజులు అమ్ముడు రాజవ్వది. రాజవ్వ లేకుంటె నువ్వు కూడ అమ్మలెక్క వంకాయలు అమ్మేదానివి.”

“వంకాయలకేమైందే?” అని లక్ష్మి లోపలినుంచి అరిచింది.

మౌనిక పెళ్లికి గాజులు నేనే తీసుకెళ్లాను. పొద్దున్నే ఇల్లు ఆడవాళ్లతో నిండిపోయింది. పసుపు, పాటలు, నవ్వులు. నేను సబ్బు గిన్నె, గాజుల పెట్టె పట్టుకుని వాకిట్లోకి వచ్చి, అరుగు మీద కూర్చుని పెట్టె తెరిచాను. అలా కూర్చున్నానని నాకు తెలియనే లేదు. లక్ష్మి గడప దాకా వచ్చింది.

“ఏందే గాడ కూసున్నవ్? మేనత్తలు, పిన్నమ్మలు అందరు లోపల ఉంటె. లోపలికి రా!”

“ఈడ గాలి మంచిగున్నది.”

మాట నా నోట్లోంచి వచ్చాక విన్నాను. మాఘమాసం పొద్దు. చలికి నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. గాలి నిండా మిల్లు వాసన. లక్ష్మికి అది వట్టి మాటే, “చలిల గాలేందే నీకు, పరేషాన్ చేస్తున్నవ్” అని విసుక్కుంది. నన్ను ఎవరూ బయట ఉండమనలేదు. నా చేతిని ఎవరూ వద్దనలేదు. కాళ్లు మాత్రం ఆ గడప దగ్గర ఆగిపోయాయి, లేవడం లేదు.

మౌనిక బయటికొచ్చింది. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని అరుగు మీద నా పక్కన కూలబడి, ఎడమ చెయ్యి చాపింది. “అయితే ఈడనే తొడుగు. నాక్కూడ గాలి కావాలె.” లోపలి ఆడవాళ్లు గొణుక్కున్నారు, తర్వాత ఒక్కొక్కరే గడప దాటి వాకిట్లోకి వచ్చారు. వంకర వేలు దాటించేటప్పుడు గాజును కొంచెం వాలుగా పట్టి ఎక్కించాలి. నా వేలి మీద రాజవ్వ నేర్చుకున్న కిటుకు అది. ఒక్కటీ చిట్లలేదు. కొసరు గాజు చేతిలో పెడితే మౌనిక తీసుకుని కొంగున ముడి వేసుకుంది.

ఉండిపొమ్మని లక్ష్మి మూడు పూటలూ పోరింది. దుకాణం ఉందన్నాను. అబద్ధం కాదు. అయినా అది కారణం కాదని ఇద్దరికీ తెలుసు. రైలు కదిలాక కిటికీ దగ్గర ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు ఒంట్లోకి ఒక నెమ్మది వచ్చింది. అది ఎవరిదో ఇప్పుడు నాకు తెలుసు కనుక భయం వేయలేదు. మా అవ్వ వేలు ఒళ్లో ఉంది. పక్క సీటు ఖాళీగా ఉంది. లడ్డూ సగం విరిచి పట్టుకున్నాను, ఇవ్వడానికి మనిషి లేక రెండు సగాలూ నేనే తిన్నాను.

ఇప్పుడు మధ్యాహ్నాలు బేరాలు తగ్గాక పీటను గడప బయటికి జరుపుకుంటున్నాను. పక్కనే చెప్పుల దుకాణం సలీం భాయ్ ఉంటాడు. నిన్న ఫ్యాను కింద నుంచే మెడ సాచి, “ఏం అక్కా, గంత ఎండల కూసున్నవ్? లోపలికి రారాదు, చాయ్ చెప్త” అన్నాడు. చాయ్ ఇక్కడికే పంపమని చెప్పాను. ఎందుకని అతను అడిగాడు. ఏం చెప్పానో మీకు తెలుసు.